తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడా? - రాన్ బరాసీ కథ

మెల్బోర్న్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆఫీసులో నన్నడిగిన మొదటి ప్రశ్న "మీది ఏ ఊరు?" అని కాదు, "మీది ఏ టీమ్?" అని. క్రికెట్ సంగతేమో అనుకుని "ఇండియా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. వాళ్ళు అడిగింది ఫుటీ గురించి. మెల్బోర్న్‌లో ఫుటీ అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ఇక్కడ టీమ్ లేదని చెప్పినవాడిని ఇంటిపేరు లేనివాడిని చూసినట్టు చూస్తారు.

మా టీములో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన పుట్టుకతోనే మెల్బోర్న్ క్లబ్ అభిమాని. నాకు ఆట నేర్పే బాధ్యత ఆయనే తీసుకున్నారు. ఒకరోజు లంచ్‌లో మీ క్లబ్బు ఆఖరుసారి ఎప్పుడు గెలిచిందని అడిగాను. "1964లో. ఆ ఏడాది చివర బరాసీ వెళ్ళిపోయాడు కదా!" అన్నారు. ఇంట్లో పెద్దకొడుకు మాటైనా చెప్పకుండా వేరుకాపురం పెట్టినట్టు ఉంది ఆ గొంతు. అప్పటికి అది జరిగి నలభై ఏళ్ళు దాటింది! ఒక ఆటగాడు క్లబ్బు మారితే ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకుని బాధపడాలా అని నాకు ఆశ్చర్యం వేసింది. అప్పుడు మొదలైన కుతూహలమే ఈ వ్యాసం.

రాన్ బరాసీ 2023 సెప్టెంబరు 16న తన 87వ ఏట కన్నుమూశారు. విక్టోరియా ప్రభుత్వం ఆయనకు అధికార లాంఛనాలతో ఎం.సి.జి. మైదానంలోనే నవంబరు 10న వీడ్కోలు సభ జరిపింది. మంత్రి పదవి చేసినవారు కాదు, సినిమా నటులూ కారు. మన ఇళ్ళలో చాలామంది ఆ పేరు కూడా విని ఉండరు. కానీ మీ ఆస్ట్రేలియన్ సహోద్యోగి ముందు ఒకసారి ఆ పేరెత్తి చూడండి, కనీసం పావుగంట కబుర్లు గ్యారంటీ.

ముందు ఆట సంగతి చూద్దాం. అది తెలియకపోతే ఈయన చేసిందేమిటో అర్థం కాదు. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు వంగి ఉండాలంటే ఫుట్‌బాల్ లాంటిదేదైనా ఆడాలని పత్రికకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది మెల్బోర్న్ క్లబ్బువాళ్ళు నియమాలు రాసుకున్నారు. అందుకే ఇప్పటికీ దీన్ని క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు. కోడిగుడ్డు ఆకారపు మైదానం, దాదాపు అదే ఆకారపు బంతి, అటు 18 మంది, ఇటు 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోలు, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే 1 పాయింటు. అందుకే స్కోరు 17.9 (111) అని రాస్తారు. 17 గోళ్ళు, 9 ఒంటి పాయింట్లు, మొత్తం 111 అన్నమాట. మొదట్లో నాకు ఇది క్రికెట్ ఓవర్ల లెక్కలాగా కనిపించి తికమక పడ్డాను.

బంతిని చేత్తో విసరకూడదు. తన్నాలి, లేదా ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి. ఈ పిడికిలి దెబ్బనే హ్యాండ్‌బాల్ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది. తన్నిన బంతిని గాలిలో పట్టుకుంటే "మార్క్". అప్పుడు అవతలివాళ్ళు మీద పడకుండా తీరిగ్గా తన్నుకోవచ్చు. అందుకే ఒకడి భుజాలమీదకు ఇంకొకడు మోకాళ్ళతో ఎక్కి పట్టుకునే దృశ్యాలు టీవీలో చూస్తుంటాం.

ఇక బరాసీ. పేరు ఇటలీ పేరులాగా ఉంది కదా. బంగారం కోసం విక్టోరియాకు వచ్చిన స్విస్-ఇటాలియన్ వలస కుటుంబం వాళ్ళది. పుట్టింది 1936 ఫిబ్రవరి 27న, కాసిల్‌మెయిన్ అనే ఊళ్ళో. తండ్రి పేరూ రాన్ బరాసీయే. ఆయన మెల్బోర్న్ క్లబ్బుకు 31 నంబరు జెర్సీతో 58 ఆటలు ఆడారు. 1940లో ఫైనల్ గెలిచిన జట్టులో ఉన్నారు. వెంటనే యుద్ధానికి వెళ్ళారు. 1941 జులైలో లిబియాలోని టోబ్రూక్‌లో చనిపోయారు. అప్పటికి కొడుక్కి అయిదేళ్ళు.

ఆ 1940 జట్టులోనే నార్మ్ స్మిత్ అనే ఆటగాడు ఉండేవాడు. 1952లో ఆయన మెల్బోర్న్ కోచ్ అయ్యాడు. ఆ రోజుల్లోనే బరాసీ తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని టాస్మేనియాకు వెళ్ళిపోయింది. కుర్రాడికి మెల్బోర్న్ వదలడం ఇష్టం లేదు. స్మిత్ దంపతులు కోబర్గ్‌లో తమ ఇంటి పెరట్లో ఉన్న చిన్న గదిలో అతన్ని ఉంచుకున్నారు. అక్కడే తిండి, అక్కడే నిద్ర, కోచ్‌తో కలిసి ప్రాక్టీసుకు వెళ్ళి రావడం. చనిపోయిన స్నేహితుడి కొడుకుని ఇంట్లో పెట్టుకుని విద్య నేర్పిన గురువు! ఇది మన పురాణాల్లోంచి ఊడిపడినట్టు లేదూ?

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే వి.ఎఫ్.ఎల్.లో, ఎవరు ఏ క్లబ్బుకు ఆడాలో వాళ్ళుండే పేట నిర్ణయించేది. మన రేషన్ కార్డు లాంటిదే, ఆ పేటవాడు ఆ షాపుకే వెళ్ళాలి. ఆ లెక్కన బరాసీ తండ్రి క్లబ్బుకు ఆడడానికి వీల్లేదు. మెల్బోర్న్ క్లబ్బు పట్టుబట్టింది. తండ్రి ఆడిన క్లబ్బుకు కొడుకు పోవచ్చనే నియమం వచ్చింది. "ఫాదర్-సన్ రూల్" అనే ఆ నియమం రూపం మారుతూ ఇప్పటికీ ఉంది. తమాషా ఏమిటంటే, ఇప్పటి నియమం ప్రకారం తండ్రి కనీసం 100 ఆటలు ఆడి ఉండాలి. పెద్ద బరాసీ ఆడింది 58 మాత్రమే. అంటే ఎవరి కోసం నియమం వచ్చిందో ఆ కుర్రాడికే ఈరోజైతే అర్హత ఉండేది కాదు!

1953లో తండ్రి వేసుకున్న 31 నంబరు జెర్సీతోనే బరాసీ దిగాడు. అయితే అతన్ని ఎక్కడ ఆడించాలో ఎవరికీ తెలియలేదు. బంతి కోసం ఎగిరి పోటీపడే పొడుగాటి ఆటగాడిని రక్‌మన్ అంటారు. కిందపడ్డ బంతిని ఏరుకుపోయే చురుకైన చిన్నవాడు రోవర్. బరాసీ మొదటిదానికి పొట్టి, రెండోదానికి మోటు. వేరే కోచ్ అయితే బెంచీమీద కూర్చోబెట్టి ఉండేవాడు. స్మిత్ మాత్రం మనిషికి తగ్గట్టు ఉద్యోగమే సృష్టించాడు. రెండో రక్‌మన్ స్థానాన్ని మైదానమంతా తిరిగే స్థానంగా మార్చి "రక్-రోవర్"ని చేశాడు. ఆ తరువాత అన్ని జట్లూ అదే పద్ధతి పట్టుకున్నాయి. ఈనాటి మిడ్‌ఫీల్డర్ల ఆటకు మూలం అక్కడే ఉంది.

ఆ ఇద్దరూ కలిసి సాధించినదానికి లెక్క చూడండి. 1955, 56, 57, 59, 60, 64 - ఆరు కప్పులు. చివరి రెండింటికీ బరాసీయే కెప్టెన్. 1964 ఫైనల్లో కాలింగ్‌వుడ్ మీద గెలిచింది 4 పాయింట్ల తేడాతో. అదీ నీల్ క్రాంప్టన్ అనే డిఫెండరు తన స్థానం వదిలి ముందుకొచ్చి చివర్లో కొట్టిన గోలుతో. మెల్బోర్న్ జెర్సీలో బరాసీ ఆడిన చివరి ఆట అదే.

ఆ సీజన్ అయిపోయాక కార్ల్‌టన్ క్లబ్బులో పాలకవర్గం మారింది. కొత్త అధ్యక్షుడు జార్జ్ హారిస్ నేరుగా బరాసీకే కబురు పెట్టాడు. కెప్టెన్-కోచ్ పదవి, మంచి డబ్బు. ఆ రోజుల్లో ఫుటీ ఆటగాళ్ళందరూ పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవారు. ఆటలో వచ్చేది చిల్లర. పెద్ద ఆటగాడు తన క్లబ్బు వదిలి ఇంకో క్లబ్బుకు పోవడం అంటే ఇల్లు వదిలి పోవడమే. 28 ఏళ్ళ బరాసీ వెళ్ళాడు. మెల్బోర్న్ ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. పెంచినవాడికి పంగనామాలు పెట్టాడన్నారు, డబ్బుకి అమ్ముడుపోయాడన్నారు. మా పెద్దాయన ఇంట్లో ఆయన తండ్రి గోడమీది బరాసీ ఫోటో తీసేశారట.

నేను ఈ ఘట్టం దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మొదట చదివినప్పుడు నాకూ కష్టమే అనిపించింది. పెరట్లో గది ఇచ్చి, అన్నం పెట్టి, అతని కోసం ఆటలో ఒక కొత్త స్థానాన్నే సృష్టించిన మనిషిని వదిలి, అదే ఊళ్ళో పోటీ క్లబ్బుకా? కానీ ఇంకోవైపు నుంచి చూడండి. స్మిత్ అక్కడ ఉన్నంతకాలం బరాసీ కోచ్ కావడం అంటే స్మిత్‌ని కుర్చీలోంచి లేపడమే. స్మిత్ నీడలోంచి బయటికొచ్చి తన సత్తా ఏమిటో తేల్చుకోవాలనుకున్నానని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. మనలో మొదటి కంపెనీనీ, మొదటి బాస్‌నీ వదిలి వచ్చినవాళ్ళకి ఆ రాజీనామా ఉత్తరం రాసిన రాత్రి గుర్తుండే ఉంటుంది. నేనైతే బరాసీని తప్పు పట్టలేను. అలాగని ఫోటో తీసేసిన ఆ తండ్రినీ తప్పు పట్టలేను.

తరువాతి ఏడాది ఏం జరిగిందో చూస్తే విశ్వాసం అనే మాటకి ఇంకో కోణం కనిపిస్తుంది. 1965లో మెల్బోర్న్ మొదటి 8 ఆటలూ గెలిచింది. తరువాత తడబడింది. అంతే, జులైలో ఒక శుక్రవారం క్లబ్బు కమిటీ ఆరు కప్పులు తెచ్చిపెట్టిన స్మిత్‌ని ఇంటికి ఉత్తరం పంపి తీసేసింది! ఊరంతా గగ్గోలు పెడితే నాలుగు రోజుల్లో మళ్ళీ తీసుకుంది. కానీ విరిగిన మనసు అతకలేదు. ఆయన 1967 దాకా ఉండి వెళ్ళిపోయారు. 1973లో 57 ఏళ్ళకే చనిపోయారు. మెల్బోర్న్ క్లబ్బు 1987 దాకా మళ్ళీ ఫైనల్స్ దశ ముఖం చూడలేదు. దీన్ని "నార్మ్ స్మిత్ శాపం" అంటారు. 1979 నుంచి ప్రతి గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే పతకం నార్మ్ స్మిత్ పేరు మీదే ఉంది. క్లబ్బును వదిలినవాణ్ణి ద్రోహి అన్నారు సరే, మరి మనిషిని వదిలిన క్లబ్బును ఏమనాలి?

కార్ల్‌టన్‌లో బరాసీకి పూలబాట ఏమీ దొరకలేదు. ఆ క్లబ్బు 1947 తరువాత కప్పు గెలవలేదు. 1964లో పదో స్థానంలో ఉంది. బరాసీ వచ్చి క్రమశిక్షణ పెట్టాడు. ఆ క్రమశిక్షణ ఎలాంటిదో అప్పటి ఫిల్ములు చూస్తే తెలుస్తుంది. మెడనరాలు ఉబ్బి, ముఖం జేవురించి, ఆటగాడి ముక్కుకి ముక్కు ఆనించి అరవడమే! ఈరోజు ఏ మేనేజరైనా అలా అరిస్తే మధ్యాహ్నానికల్లా హెచ్.ఆర్. నుంచి పిలుపు వస్తుంది. నాకు అది నచ్చదు, ఇక్కడి పిల్లల కోచ్‌లలో కూడా అలాంటివాళ్ళని ఒకరిద్దరిని చూశాను. కానీ ఆయన దగ్గర ఆడినవాళ్ళు చాలామంది ముసలితనంలోనూ ఆయన్ని అభిమానంగానే తలుచుకుంటారు. తిట్లు నిజమే, తిట్టినవాడు తమకంటే ఎక్కువ కష్టపడడం కూడా నిజమే కాబోలు.

1968లో కార్ల్‌టన్ గెలిచింది. ఎసెండన్ మీద 7.14 (56), 8.5 (53). లెక్క గమనించారా? గోళ్ళు ఒకటి తక్కువ కొట్టి, ఒంటి పాయింట్లతో గట్టెక్కారు. గ్రాండ్ ఫైనల్లో అలా గెలవడం అదే మొదటిసారి.

అసలు కథ 1970ది. సెప్టెంబరులో ఎం.సి.జి.లో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ మధ్య గ్రాండ్ ఫైనల్. చూడడానికి వచ్చినవాళ్ళు 1,21,696 మంది. ఈ ఆటకు సంబంధించి ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 73, కార్ల్‌టన్ 29. తేడా 44 పాయింట్లు. అభిమానులు కొందరు లేచి ఇళ్ళకు బయల్దేరారు.

అప్పటిదాకా ఈ ఆటలో మామూలు పద్ధతి ఏమిటంటే, బంతి దొరికితే వీలైనంత దూరం ముందుకు తన్నేయడం. ఆపదలో ఉంటే తప్ప హ్యాండ్‌బాల్ చేయరు. విశ్రాంతి సమయంలో బరాసీ తన జట్టుకు చెప్పింది దానికి పూర్తిగా తలకిందులు. దూరం తన్నడం మానండి, ఎంత ప్రమాదమైనా సరే పక్కన పరిగెత్తేవాడికి హ్యాండ్‌బాల్ ఇవ్వండి, వెనకాల ఉన్నవాళ్ళం కాబట్టి పోయేదేమీ లేదు అని. రెండో పని, టెడ్ హాప్‌కిన్స్ అనే బక్కపలచని కుర్రాణ్ణి బెంచీ మీంచి దింపాడు. మూడో క్వార్టర్లో కార్ల్‌టన్ 8 గోళ్ళు కొట్టింది. హాప్‌కిన్స్ ఒక్కడే మొత్తం 4 కొట్టాడు. క్వార్టరు అయ్యేసరికి 94-77, తేడా 17కి దిగింది. చివరికి కార్ల్‌టన్ 17.9 (111), కాలింగ్‌వుడ్ 14.17 (101). ఇళ్ళకు బయల్దేరినవాళ్ళు కారు రేడియోలో విని ఏమనుకున్నారో!

ఆ ఆటలోనే అలెక్స్ జెసాలెంకో పట్టిన మార్క్ ఒకటుంది. అవతలివాడి భుజాల మీద నిలబడినట్టు గాలిలోకి లేచి పట్టిన ఆ ఫోటో ఇక్కడి పబ్బుల గోడలమీద ఇప్పటికీ కనిపిస్తుంది. జెసాలెంకో ఆస్ట్రియాలో పుట్టి చిన్నప్పుడే వలస వచ్చిన పిల్లవాడు. స్విస్-ఇటాలియన్ మూలాలున్న కోచ్, తూర్పు యూరోపు మూలాలున్న హీరో. ఇది అచ్చంగా "తెల్లవాళ్ళ" ఆట అనుకునే మనవాళ్ళకి ఈ సంగతి చెబుతుంటాను.

హ్యాండ్‌బాల్ ఆటను బరాసీయే కనిపెట్టాడని చాలామంది రాస్తారు, అది సరికాదు. నార్మ్ స్మిత్ అన్న లెన్ స్మిత్ కోచ్‌గా ఉన్నప్పుడే ఈ వేగం ఆటను ప్రచారం చేశారు. జీలాంగ్ క్లబ్బు ఆటగాడు పాలీ ఫార్మర్ హ్యాండ్‌బాల్‌ని దాడికి ఆయుధంగా వాడి చూపించాడు. బరాసీ గొప్పతనం కనిపెట్టడంలో లేదు. లక్షా ఇరవైవేల మంది చూస్తుండగా, 44 పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు దాన్ని నమ్మడంలో ఉంది. లెన్ స్మిత్ నుంచి వచ్చిన ఆలోచన కాబట్టి గురువు ఇంటి విద్య ఇక్కడా కలిసొచ్చిందనే అనుకోవాలి.

మన ఐ.టి.వాళ్ళ కోసం ఒక్క మాట. ఆ రోజు 4 గోళ్ళు కొట్టిన టెడ్ హాప్‌కిన్స్ తరువాతి కాలంలో ఛాంపియన్ డేటా అనే కంపెనీ పెట్టాడు. ఫుటీలో ప్రతి తన్ను, ప్రతి హ్యాండ్‌బాల్ లెక్కపెట్టి గణాంకాలు ఇచ్చే కంపెనీ అది. ఇప్పుడు కోచ్‌లందరూ ఆ అంకెలు చూసే మాట్లాడతారు.

1971 తరువాత బరాసీ కోచ్ పని మానేసి వ్యాపారం చూసుకుందామనుకున్నారు. అది ఒక్క ఏడాది ముచ్చటే అయింది. నార్త్ మెల్బోర్న్ క్లబ్బు వదల్లేదు. ఆ క్లబ్బు అప్పటిదాకా వి.ఎఫ్.ఎల్.లో ఒక్క కప్పు కూడా గెలవలేదు. 1972లో మొత్తం సీజన్‌కీ గెలిచింది ఒకే ఒక్క ఆట. అదే సమయంలో లీగ్ ఒక కొత్త నియమం తెచ్చింది. ఒక క్లబ్బులో పదేళ్ళు ఆడినవాడు తనకిష్టమైన చోటికి పోవచ్చు. ఆ నియమం ఎక్కువ కాలం ఉండలేదు గానీ, ఉన్న కాస్త కాలంలోనే నార్త్ వాళ్ళు డగ్ వేడ్, జాన్ రాంటల్, బారీ డేవిస్ అనే ముగ్గురు అనుభవజ్ఞుల్ని తెచ్చుకున్నారు. క్లబ్బు మారినందుకు తిట్లు తిన్న మనిషే ఇప్పుడు క్లబ్బులు మారినవాళ్ళతో జట్టు కట్టడం విధి విలాసం.

1974 నుంచి వరుసగా అయిదేళ్ళు నార్త్ మెల్బోర్న్ గ్రాండ్ ఫైనల్లో ఉంది. 1975లో హాథార్న్‌ని 55 పాయింట్లతో ఓడించి వి.ఎఫ్.ఎల్.లో తన మొట్టమొదటి కప్పు అందుకుంది. 1977లో కాలింగ్‌వుడ్‌తో ఫైనల్ 76-76తో డ్రా అయింది. ఇప్పుడైతే అదనపు సమయం ఇస్తారు, అప్పట్లో వారం ఆగి మళ్ళీ మొదటినుంచి ఆడించేవారు. రెండోసారి నార్త్ 27 పాయింట్లతో గెలిచింది. దీంతో కోచ్‌గా బరాసీకి నాలుగో కప్పు. ఇక్కడొక లెక్క నాకు భలే నచ్చింది. నార్మ్ స్మిత్ ఆటగాడిగా 4, కోచ్‌గా 6 గెలిచారు. బరాసీ ఆటగాడిగా 6, కోచ్‌గా 4. ఇద్దరికీ మొత్తం పదేసి!

1981లో ఆయన తిరిగి మెల్బోర్న్ క్లబ్బుకు వచ్చారు, ఈసారి కోచ్‌గా. అలిగి వెళ్ళిన కొడుకు పదహారేళ్ళకి ఇంటికొచ్చినంత సంబరపడ్డారు అభిమానులు. సినిమా అయితే ఇక్కడ కప్పు గెలిచి శుభం కార్డు పడాలి. నిజానికి 1981లో జట్టు గెలిచింది ఒకే ఆట. అయిదేళ్ళున్నా ఫైనల్స్ దాకా తీసుకెళ్ళలేకపోయారు. 1985లో వెళ్ళిపోయారు.

అయినా ఆ అయిదేళ్ళూ వృథా అనను. ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ అనే ఆట ఉంది, ఫుటీకి దగ్గరి చుట్టం. అక్కడి కుర్రాళ్ళని తెచ్చి తర్ఫీదు ఇస్తే ఎలా ఉంటుందని బరాసీ కాలంలోనే మెల్బోర్న్ క్లబ్బు ప్రయత్నం మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. అలా డబ్లిన్ నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు జిమ్ స్టైన్స్. కోడిగుడ్డు బంతిని అంతకుముందు ముట్టనివాడు 1991లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. వరుసగా 244 ఆటలు ఒక్కటీ మానకుండా ఆడాడు. 2008లో అప్పుల్లో మునిగిన అదే క్లబ్బుకు అధ్యక్షుడై, క్యాన్సర్‌తో పోరాడుతూనే దాన్ని నిలబెట్టాడు. 2012 మార్చిలో చనిపోయాడు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు క్లబ్బును కాపాడిన ఈ కథ విడిగా రాయదగ్గది, ఇంకోసారి రాస్తాను.

ఆఖరి ఘట్టానికి ముందు ఒక గీత గురించి చెప్పాలి. సిడ్నీలో ఉన్న మన మిత్రులకి ఫుటీ అంటే రగ్బీ లీగ్. మెల్బోర్న్‌లో ఫుటీ అంటే ఇది. ఒకే దేశంలో ఈ తేడా ఏమిటి? మోనాష్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ టర్నర్ అనే చరిత్ర ఆచార్యుడు ఉండేవాడు. ఆయన ఏటా సరదాగా "రాన్ బరాసీ స్మారకోపన్యాసం" ఇచ్చేవాడు, బరాసీ నిక్షేపంగా బతికి ఉండగానే! 1978 ఉపన్యాసంలో ఆయన కాన్‌బెరా నుంచి బ్రోకెన్ హిల్, బర్డ్స్‌విల్ మీదుగా ఉత్తరాన మానిన్‌గ్రిడా దాకా పటంమీద ఒక ఊహాగీత గీశాడు. గీతకు ఇటు మెల్బోర్న్, అడిలైడ్, పెర్త్, ఫుటీ రాజ్యం. అటు సిడ్నీ, బ్రిస్బేన్, రగ్బీ రాజ్యం. దానికి "బరాసీ గీత" అని పేరు పెట్టాడు. ఈ ఆట దేశమంతా ఆడాలని పదేపదే పోరుపెట్టింది బరాసీయే మరి.

గీత అవతలికి మొదట వెళ్ళిన క్లబ్బు సౌత్ మెల్బోర్న్. అప్పుల బాధతో 1982లో సిడ్నీకి మకాం మార్చింది. సిడ్నీలో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1990లో వి.ఎఫ్.ఎల్. ఏ.ఎఫ్.ఎల్.గా పేరు మార్చుకుని జాతీయ లీగ్ అనిపించుకుంది గానీ, 1992-93లో ఈ సిడ్నీ స్వాన్స్ జట్టు వరుసగా 26 ఆటలు ఓడిపోయింది. మూతపడుతుందనే మాటలు గట్టిగా వినిపించాయి. 1993 సీజన్ మధ్యలో 57 ఏళ్ళ బరాసీ ఆ పని నెత్తిన వేసుకున్నారు. అప్పటికి ఆయనకి నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు. పరువు పోగొట్టుకునే అవకాశం మాత్రం పుష్కలంగా ఉంది. 26 ఓటముల తరువాత వచ్చిన ఆ మొదటి గెలుపు ఎవరిమీదో తెలుసా? మెల్బోర్న్ మీద!

1993, 94 రెండేళ్ళూ ఆఖరి స్థానమే. కానీ పేపర్లలో, టీవీలో బరాసీ ఉన్నంతసేపూ సిడ్నీవాళ్ళు అసలు ఈ ఆటంటూ ఒకటుందని గుర్తించారు. టోనీ లాకెట్, పాల్ రూస్ లాంటి పెద్ద ఆటగాళ్ళు 1995లో వచ్చి చేరారు. ఆ ఏడాది చివర ఆయన తప్పుకున్నారు. మరుసటి ఏడే స్వాన్స్ గ్రాండ్ ఫైనల్ చేరింది. పంట కోసింది వేరేవాళ్ళు, దుక్కి దున్నింది ఈయన. నన్నడిగితే నాలుగు కప్పులకంటే ఈ మూడేళ్ళ ఓటములే ఆయన చేసిన పెద్ద పని. 2024 గ్రాండ్ ఫైనల్లో తలపడింది సిడ్నీ, బ్రిస్బేన్. రెండూ గీతకు అవతలి జట్లే! ఆయన పోయి అప్పటికి ఏడాది.

1996లో హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టినప్పుడు మొదటి "లెజెండ్"లలో బరాసీ ఒకరు. ఎం.సి.జి. బయట ఆయన విగ్రహం ఉంది, బాక్సింగ్ డే టెస్టుకు వెళ్ళినప్పుడు మన తెలుగు కుటుంబాలు చాలా ఆ పక్కనుంచే నడుస్తాయి. 2006 కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో క్వీన్స్ బ్యాటన్ పట్టుకుని యారా నది నీళ్ళమీద నడిచారు. నీటికింద వేదిక ఉందనుకోండి, కానీ ఈ ఊళ్ళో అలా నడిపించడానికి ఇంకొకరి పేరు తట్టి ఉండదు.

ఇక ఆ శాపం సంగతి. స్వాన్స్‌కి ఆడిన పాల్ రూసే తరువాత వాళ్ళ కోచ్ అయి 2005లో కప్పు గెలిపించాడు. ఆపైన 2014లో మెల్బోర్న్ కోచ్‌గా వచ్చి కుప్పకూలిన జట్టును మూడేళ్ళలో నిలబెట్టి, సైమన్ గుడ్విన్‌కి అప్పగించాడు. 2021లో మెల్బోర్న్ గ్రాండ్ ఫైనల్ చేరింది. కోవిడ్ వల్ల ఆట పెర్త్‌లో. ఊరు ఊరంతా లాక్‌డౌన్‌లో ఉండి 57 ఏళ్ళ ఎదురుచూపును టీవీలో చూసింది. అవతలి జట్టు మా పడమటి పేటల వెస్ట్రన్ బుల్‌డాగ్స్. మా అబ్బాయి వాళ్ళ వీరాభిమాని, నేను మాత్రం మనసులో మెల్బోర్న్ వైపు. మూడో క్వార్టర్లో బుల్‌డాగ్స్ 19 పాయింట్లు ముందున్నారు. ఆ తరువాత ఏం జరిగిందో గానీ గోలుమీద గోలు, మెల్బోర్న్ 21.14 (140), బుల్‌డాగ్స్ 10.6 (66).

రిటైరైపోయిన మా పెద్దాయనకి వెంటనే ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆరు గోళ్ళు కొట్టినవాడి వీపు చూశావా?" అన్నారు. చూశాను. బేలీ ఫ్రిట్ష్, 31 నంబరు జెర్సీ. "మా నాన్న ఉంటే ఆ ఫోటో వెతికి మళ్ళీ పెట్టేవాడు" అని ఫోన్ పెట్టేశారు.

మా అబ్బాయి మాత్రం ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.